కిటికీ దగ్గర తిరిగొచ్చిన మందు చీటీ

ఆంథోనీ చేతిలో అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఇంకోసారి చెప్పండి నాన్నా," అంది తెరేసా. గుమ్మంలోనే నిలబడింది, చెప్పులైనా విప్పలేదు. "సత్యవతమ్మ నేను రాసిన చీటీ పట్టుకుని మీ కిటికీ దగ్గరికొచ్చింది. మీరు చూశారు. చూసి, తిరిగిచ్చేశారు. అంతేనా?"

"అంతేనమ్మా."

"సంతకం ఎవరిదో తెలిసే?"

"నీ సంతకం నాకు తెలీకపోవడమేంటి? నీకు అక్షరాలు దిద్దించింది నేనే కదా."

ఆ మాట అన్నాక ఆయనకే సిగ్గేసినట్టుంది. ముద్ద కంచంలో వదిలేశాడు. వంకాయ ఎండురొయ్యల కూర చల్లారిపోతోంది.

మధ్యాహ్నం సత్యవతమ్మ కొడుకు చిన్నారావుని ఆసుపత్రి జీపులో పడుకోబెట్టి, కాకినాడ పంపించి, అడవిపొలం బావుల్లో మళ్లీ క్లోరిన్ వేయించి ఇంటికొచ్చింది తెరేసా. ఆ పొట్ట మీద చెయ్యి వేసినప్పుడు తగిలిన గట్టితనం ఇంకా అరచేతిని వదల్లేదు. అచ్చం పలక మీద చెయ్యి వేసినట్టే ఉంది. పాతికేళ్ల కుర్రాడు. గోదాట్లో వల లాగితే పడవ వంగేంత బలమున్నవాడు. జీపెక్కించేటప్పుడు మూలగడానికి కూడా ఓపిక లేదు వాడికి.

టైఫాయిడ్‌కి వేళకి మందు పడకపోతే పేగు చిల్లుపడుతుందనేది ఎంబీబీఎస్‌లో ఆమె బట్టీపట్టిన వాక్యమే. ఆ వాక్యం అడవిపొలంలో నులకమంచం మీద పడుకుని ఉంటుందని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

పైగా ఆ మందు ఆమె రాసింది. పోయిన వారమే రాసింది. వాడు మాత్రలు మింగుతున్నాడనే ధీమాతో అగ్రహారం బావుల్లో క్లోరిన్ వేయిస్తూ తిరిగింది. చీటీ మాత్రం మందుల గది కిటికీ దాకా వెళ్లి, వెళ్లిన దారినే వెనక్కొచ్చి, సత్యవతమ్మ ఇంటి చూరులో దోపి ఉంది.

"ఎందుకిచ్చేశారు?" అంది తెరేసా.

"ఆర్డరొచ్చింది. ఊళ్లు తిరిగే హెల్త్ డాక్టర్ల చీటీలకి మందులివ్వద్దని మా ఆసుపత్రి పెద్ద డాక్టరు శ్రీరామచంద్రమూర్తి గారు చెప్పారు. ఓపీలో డాక్టరు చూసి రాస్తేనే ఇవ్వమన్నారు. నేను మందుల గదిలో ఉద్యోగిని. నా ఇష్టం వచ్చినట్టు ఇవ్వడానికి అది మన ఇంట్లో ఉప్పు జాడీ కాదు కదమ్మా."

"ఎప్పుడొచ్చింది ఆర్డరు?"

ఆంథోనీ కంచం కొంచెం పక్కకి జరిపాడు.

"నాన్నా, ఎప్పుడొచ్చింది?"

"సత్యవతమ్మ రావడానికి ముందు రోజు."

తెరేసాకి ఆ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక తలుపు పట్టుకుంది.

"అయితే ఈ వారమంతా నేను రాసినవి?"

"అన్నీ తిప్పి పంపించాను."

"అన్నీనా!"

"మిగతావాళ్లు మళ్లీ ఓపీ లైన్లో నిలబడి రాయించుకున్నారు. తిరిగి ఇంటికెళ్లిపోయింది సత్యవతమ్మొక్కతే."

వారం రోజులు! ఈ వారం రోజులూ పగలు కిటికీ దగ్గర కూతురి చీటీలు వెనక్కి తోసి, సాయంత్రం ఇంటికొచ్చి ఇదే కంచంలో అన్నం తిన్నాడు. 'అలిసిపోయావా తల్లీ' అని అడిగాడు. మొన్న రాత్రి రేడియోలో వార్తలొస్తుంటే ఆమె పక్కనే కూర్చున్నాడు. ఒక్క మాట పెదవి దాటించలేదు. కన్నతండ్రి ఇంత గుంభనంగా ఉండగలడని ఎవరైనా చెబితే ఆమె నవ్వేసేది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది.

ఆంథోనీ కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

అప్పుడే వీధి గుమ్మం దగ్గర సైకిల్ స్టాండు వేసిన చప్పుడైంది. వచ్చింది బుల్లబ్బాయి. ఎనభయ్యారు ఆగస్టు వరద తీసి అడవిపొలంలో జ్వరాలు మొదలైన దగ్గర్నుంచీ తెరేసా వెనకే ఇల్లిల్లూ తిరుగుతున్న హెల్త్ అసిస్టెంటు. మామూలుగా మనిషి వచ్చే ముందే మాట వచ్చేస్తుంది. ఇవాళ వరండా స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డాడు.

"డాక్టరమ్మగారండీ, నేనో సంగతి చెప్పాలండి. చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదండి."

"చెప్పు."

"చిన్నారావుకి సూది నేనే వేశానండి."

"ఏం సూది?"

"టైఫాయిడ్ టీకా అండి. కంపౌండరు గారు చీటీ తిప్పేశాక సత్యవతమ్మ తిన్నగా మా దగ్గరికొచ్చేసిందండి, స్కూలు దగ్గర టీకాలు వేస్తున్నాం కదండీ. కొడుక్కి దుప్పటి కప్పి లైన్లో నిలబెట్టింది. జ్వరమేవన్నా ఉందాండీ అనడిగితే, ఏం లేదు, వానలో తడిసి చలేస్తుందంతే అంది. లైను చూస్తే కొండవీటి చాంతాడండి. చెయ్యి పట్టుకు చూడాల్సింది. చూడలేదండి. వేసేశాను."

తెరేసా కళ్లు మూసుకుంది.

"మాత్రల కంటే సూది గట్టిదని ఆవిడ నమ్మకం అండి. ఆవిడనే ఏముంది లెండి, ఊరంతా అదే. సూది పడింది కదా, ఇంక మాత్రలెందుకని ఊరుకుంది. కాలవగట్టు మీద కనబడితే మొన్న నాకు దణ్ణం కూడా పెట్టిందండి." బుల్లబ్బాయి భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "రోగం రాకుండా వేసే సూది, వచ్చినాక ఏం చేస్తుందండి? నాకు తెల్సు. ఆవిడకెలా తెలుస్తుందండి?"

తెరేసాకి నవ్వొచ్చింది. ఏడుపుకి రావాల్సిన చోట వచ్చిన నవ్వు.

"విన్నారా నాన్నా? ఇదీ మీ ఆర్డరు. రోగం లేనివాడికి నేను సూది పొడవచ్చు. మీరు కాదనరు. వాడికే రోగమొస్తే మాత్ర రాయకూడదు. నిప్పంటుకోనంత వరకూ నీళ్లు పోయొచ్చు, అంటుకున్నాక బిందె కింద పెట్టెయ్యాలి!"

"నన్నేం చేయమంటావమ్మా? గీత గీసింది నేను కాదు."

"కాదండీ కంపౌండరు గారూ," అన్నాడు బుల్లబ్బాయి. ఆంథోనీకి ఎదురు చెప్పడం వాడికిదే మొదలు. "తవరు కిటికీ లోపలుంటారు. ఎండైనా వానైనా ఇంటింటికీ ఎళ్లేది మేవండి. జ్వరం ఎవరింట్లో ఉందో ముందు తెలిసేది మాకండి. తలుపు కొట్టి, నాలిక చూసి, రక్తం తీసుకుని, మందు మాత్రం మా దగ్గర లేదండి, కూలి మానుకుని ఆసుపత్రికి రండి అంటే, రేపట్నుంచీ ఎవడు తలుపు తీస్తాడండి? ఆసుపత్రిలో మమ్మల్నేవంటారో తెల్సాండీ? మురుగుకాలవల బ్యాచ్ అంటారండి. అమ్మగారిని కూడాను."

ఆ పేరు తెరేసాకి కొత్త కాదు. శ్రీరామచంద్రమూర్తి గారే ఒకసారి నవ్వుతూ అన్నారు. 'నీళ్లూ కాలవలూ మీరు చూసుకోండమ్మా, మనుషుల్ని మాకొదిలేయండి' అని. పెద్దాయన కదా అని అప్పుడు తనూ నవ్వింది. నీళ్లెక్కడ ఆగుతాయి, మనిషెక్కడ మొదలవుతాడు? అడవిపొలంలో ఆ కాలవ నీళ్లే చిన్నారావు పేగుల్లోకి వెళ్లాయి.

"బుల్లబ్బాయ్, కాసేపు వరండాలో కూర్చో," అని, తండ్రి వైపు తిరిగింది. "ఇన్నేళ్లు మందుల గదిలో ఉన్నారు. సత్యవతమ్మ చేతిలో చీటీ మీద టైఫాయిడ్ అని రాసుంది. చదివారు కదా? ఏ మందు రాశానో చూశారు కదా? పోనీ చీటీ చెల్లదు, ఒప్పుకున్నాను. లేచి, కిటికీ ఇవతలికొచ్చి, ఆవిణ్ణి ఓపీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేకపోయారా? ఎంత దూరం నాన్నా? వరండా దాటితే ఓపీ. కాళ్లు కదల్లేదా, మనసు కదల్లేదా? చిన్నారావుకేవైనా అయితే..."

"ఆయన్ననకు."

ఆ మాట వంటింటి గుమ్మంలోంచి వచ్చింది.

ఆగ్నెస్ అక్కడ ఎప్పట్నుంచి నిలబడిందో ఎవరూ చూడలేదు. డ్యూటీ నుంచి వచ్చి తెల్లచీరైనా మార్చుకోలేదు. యానాం ఆసుపత్రి వార్డు మొత్తం 'సిస్టరమ్మ' అంటే హడలిపోయేది ఈవిడకే. ఇప్పుడావిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆగ్నెస్, నువ్వు లోపలికెళ్లు," అన్నాడు ఆంథోనీ.

"ఎన్నాళ్లు మోస్తారండీ మీరు? మీకు నాలుగు మాటలు పడుతుంటే నేను పోపు పెట్టుకుంటూ కూర్చోనా?" కూతురి వైపు చూసింది. "ఆ ఆర్డరు డాక్టరు గారికి పుట్టిన బుద్ధి కాదు. నేనే వెళ్లి అడిగాను. మా అమ్మాయి చీటీలు ఆపించండి అని."

తెరేసా కొయ్యబారిపోయింది.

విన్నది తప్పేమో అనుకుంది. తండ్రి మొహం చూసింది. తప్పు కాదు. ఆయన తల వంచుకున్నాడు. ఈ సంగతి ఆయనకి తెలుసు. ఈ ఇంట్లో ముగ్గురుంటే ఇద్దరికి తెలుసు.

"నువ్వా?" అంది చివరికి. "నువ్వు ఆపించావా అమ్మా?"

"నేనే."

"నేను డాక్టర్నవ్వాలని చర్చిలో తొమ్మిది రోజుల ప్రార్థనలు చేసినదానివి. పాండిచ్చేరి నుంచి ఇక్కడికి పోస్టింగ్ వేయమని తిరిగినదానివి. వార్డులో అందరికీ స్వీట్లు పంచినదానివి."

"అవన్నీ చేశాను. ఇదీ చేశాను." ఆగ్నెస్ గోడవారన స్టూలు మీద కూర్చుంది. "మెట్టకూరు సుబ్బలక్ష్మి జ్ఞాపకముందా?"

"కాలి పుండు. పెన్సిలిన్ ఇంజెక్షన్ రాశాను. తగ్గిపోయిందన్నారు."

"ఎవరన్నారు?"

"నువ్వే."

"నేనే అన్నాను. అబద్ధం చెప్పాను." ఆగ్నెస్ చేతులు ఒళ్లో పెట్టుకుంది. "నువ్వు చీటీ రాసి పాండిచ్చేరి మీటింగుకెళ్లావు. మెట్టకూరు సబ్‌సెంటర్‌లో విజయలక్ష్మి ఇంజెక్షన్ వేసింది. టెస్టు డోసు వెయ్యలేదు."

"వెయ్యకపోవడమేంటి? పెన్సిలిన్‌కి ముందు టెస్టు వెయ్యడం ఎవరికైనా..."

"మా వార్డులో ఎవరికైనా తెలుసు. డాక్టరు రాసినా రాయకపోయినా మేం ముందు చర్మం మీద గీరు పెట్టి చూస్తాం. అలవాటు. నువ్వు ఆ అలవాటు చూసి పెరిగావు. అందుకే చీటీలో రాయలేదు. అక్కడ విజయలక్ష్మి కొత్త పిల్ల. చీటీలో ఉన్నంత వరకే చేసింది. పావుగంటలో సుబ్బలక్ష్మి మొహం ఉబ్బిపోయి, ఊపిరందక, రిక్షాలో వేసి నా వార్డుకి తెచ్చారు. ఇద్దరు పిల్లల తల్లి. నా చేతుల్లో నీలంగా అయిపోయింది తెరేసా. డాక్టరు గారు ఇంజెక్షను మీద ఇంజెక్షను పొడుస్తూనే ఉన్నారు. నేను ఆ తల్లి మరియమ్మని పిలుస్తూనే ఉన్నాను. ఎలాగో ప్రాణం నిలబడింది."

వరండాలో బుల్లబ్బాయి చిన్నగా దగ్గాడు. వాడికీ తెలుసన్నమాట!

ఊరికి తెలుసు. ఆసుపత్రికి తెలుసు. నర్సులకి తెలుసు. వాళ్లందరి మధ్య తను స్టెతస్కోపు మెళ్లో వేసుకుని, తల పైకెత్తుకుని తిరిగింది.

"నాకు చెప్పి ఉండాల్సింది," అంది.

"చెబితే ఏం చేసేదానివి? తప్పు నాదేనని పై ఆఫీసుకి నువ్వే రాసి పంపించేదానివి. నీ సంగతి నాకు తెలీదా? నీ పేరు పోయేది, విజయలక్ష్మి ఉద్యోగం పోయేది. అందరం ఒక మాట అనుకున్నాం. బయటికి రానివ్వద్దని. తర్వాత నాకు నిద్ర పట్టలేదు. నువ్వు రాసే ప్రతి చీటీకీ మళ్లీ ఎవరో రిక్షాలో వస్తారని భయం. మీ హెల్త్ డాక్టర్లు రాసేస్తారు, వెళ్లిపోతారు. తేడా వస్తే పడుకునేది నా వార్డులోనే. ఆ మంచం పక్కన నిలబడేది నేనే. అందుకని వెళ్లి అడిగాను. మూర్తి గారికి అడక్కుండానే ఇష్టం, అడిగితే ఇంకేముంది?"

"అంటే నా చెయ్యి పట్టుకుని దిద్దడం మాని, చెయ్యే కట్టేశావు!" అంది తెరేసా. "ఒక్క మాట చెబితే ఇంకెప్పుడూ టెస్టు డోసు మర్చిపోయేదాన్ని కాదే! సుబ్బలక్ష్మి కోసం నన్ను ఆపావు. ఆ ఆపడంతో చిన్నారావు పోతున్నాడు. అమ్మా, ఇది నీకు తడుతోందా?"

తట్టబట్టే ఆగ్నెస్ మొహం అలా పాలిపోయి ఉంది.

చర్చి గంట సాయంత్రం ప్రార్థనకి మోగింది. ఎప్పుడూ మొదటి గంటకే ముసుగు సర్దుకుని బయల్దేరే ఆగ్నెస్ కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

గంట ఆగేసరికి వీధిలో జీపు ఆగింది. డ్రైవరు ఫ్రాన్సిస్ లోపలికొచ్చాడు. అతని వెనకే, గేటు దగ్గర, ఒక ఆడమనిషి.

"బతికే ఉన్నాడండి," అన్నాడు ఫ్రాన్సిస్, ఎవరూ అడక్కముందే. "పేగు చిల్లుపడిందంటండి. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారు. గట్టిగా ఏవీ చెప్పట్లేదండి. జీపులో వెంట వచ్చిన మూర్తి గారు అక్కడే ఉండిపోయారు, రేపు సాయంత్రానికి గాని రారంట. సత్యవతమ్మా అక్కడే ఉంది." తెరేసా వైపు తిరిగాడు. "కాకినాడ పెద్ద డాక్టరు అడిగారండి. ఇతన్ని ముందు చూసిందెవరు, చూసినవాళ్లు మందెందుకివ్వలేదు అని. మూర్తి గారు ఏం చెప్పలేదండి."

"గేటు దగ్గరెవరు?" అంది తెరేసా.

"చిన్నారావు పెళ్లాం, భవాని. మొగుడి కబురు కోసం ఆసుపత్రి దగ్గర కాసుక్కూర్చుంది. నేను జీపు దిగి కబురు చెబుతుంటే వాలిపోయిందండి. ఒళ్లు కాలిపోతోంది. ఓపీలో డాక్టరు లేరు కదా, రెండో ఆయన సెలవు. ఇంకెక్కడికి తీసుకెళ్లనండి?"

భవాని గేటు పట్టుకుని నిలబడింది. నిండు కడుపు. పెదవులు ఎండి పగిలాయి. తెరేసా పరుగున వెళ్లి లోపలికి తీసుకొచ్చి, వరండాలో మంచం మీద కూర్చోబెట్టింది. నాలుక చూసింది. పొట్ట పక్కన వేలితో నొక్కితే భవాని పళ్లు బిగపట్టింది.

"ఎన్నాళ్లైందమ్మా జ్వరం?"

"ఆయనతో పాటేనండి. ఆయనకి బాలేదు కదా, నాదెవరు చూస్తారని ఊరుకున్నానండి."

అదే జ్వరం. రేపు సాయంత్రం దాకా ఆగడమా? చిన్నారావుకి మందు పడక వారం ఆలస్యమయ్యే ఇక్కడిదాకా వచ్చింది.

వెనక తాళంచెవుల చప్పుడైంది. ఆంథోనీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు. మందుల గది తాళాలు చేతిలో ఉన్నాయి.

"రాయి తల్లీ," అన్నాడు. "ఇస్తాను. ఉద్యోగం పోతే పోనీ."

బుల్లబ్బాయి జేబులోంచి కలం తీసి అందించాడు. తెరేసా అందుకుంది. కాగితం మోకాలి మీద పెట్టుకుని భవాని పేరు రాసింది, ఊరు రాసింది. కలం అక్కడే ఆగింది.

చిన్నారావుకి రాసిన మందు రాయడానికి లేదు. నెలలు నిండుతున్నాయి, కడుపులో బిడ్డకి ముప్పు. ఆంపిసిలిన్ రాయొచ్చు. అదీ పెన్సిలిన్ జాతి మందే.

"భవానీ, నీకెప్పుడైనా సూది వేస్తే దద్దుర్లు రావడం, మొహం ఉబ్బడం జరిగిందా?"

భవాని ఆలోచించింది. "చిన్నప్పుడేదో అయిందని మా అమ్మ చెప్పేదండి. ఏం సూదో తెలీదండి. అమ్మ పోయింది కదండీ."

అది పెన్సిలినే అయి ఉంటే టెస్టు డోసు కూడా ముప్పే. ఇవాళ పొద్దున అయితే తెరేసా ఇంకో రెండు ప్రశ్నలడిగి, ఒక నిర్ణయానికొచ్చి, సంతకం పెట్టేసేది. ఇప్పుడు కాగితం మీద ఎంత చూసినా సుబ్బలక్ష్మి నీలం మొహమే కనబడుతోంది. ఆ మొహాన్ని ఆమె చూడలేదు కూడా.

"రాయమ్మా," అన్నాడు ఆంథోనీ.

"రాయండమ్మగారూ," అన్నాడు బుల్లబ్బాయి.

రాసే హక్కు కోసం ఇందాకటి దాకా ఇల్లెగిరిపోయేలా అరిచిన మనిషి, అందరూ రాయమంటుంటే వేళ్లు కదపలేకపోయింది. మెల్లగా తల తిప్పి గుమ్మంలో నిలబడ్డ తల్లిని చూసింది.

"అమ్మా, నీ వార్డులో ఇలాంటివాళ్లు ఎంతమందో వచ్చుంటారు. నువ్వు చెప్పు. రాయనా, వద్దా?"

ఆగ్నెస్ నోరు తెరిచింది. భవానిని చూసింది, కూతురి చేతిలో కలాన్ని చూసింది. చెప్పబోయి ఆగి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"అది నేను చెప్పకూడదు తల్లీ," అంది. "నేను నర్సుని."